లేని రంగులు

పెళ్లికొడుకు ముక్కు మీది ఎర్ర చుక్కను బాలలక్ష్మి తుడిచేసింది. తర్వాతి ఫోటోలో ఆ చుక్క పంతులు చెవి మీద ఉంది. దాన్నీ తుడిచింది. మూడో ఫోటోలో లడ్డూ మీద. నిజానికి చుక్క ఎక్కడికీ పోలేదు. కెమెరా లోపల ఒక గడి చెడిపోయింది, ఉన్నచోటే ఎర్రగా వెలుగుతోంది. మనుషులే దాని కిందికి వచ్చి పోతున్నారు.

కరీంనగర్ బస్టాండు దగ్గరి ఆ స్టూడియోలో ఇరవై తొమ్మిదేళ్లుగా ఆమె పని తుడవడమే. మొదట సన్నటి కుంచెతో నెగెటివ్‌ల మీద, ఇప్పుడు కంప్యూటర్ మీద. కెమెరా నుంచి నేరుగా దిగిన, ఏ మెరుగూ పెట్టని ఫైలును రా ఫైలు అంటారు. పాత యజమాని కొడుకు భానుప్రసాద్ మొదటిసారి “అక్కా, రా ఫైల్ తెరువు” అన్నప్పుడు ఆమె మౌస్ వదిలేసి లేచి నిలబడింది.

“నీ అక్షరాభ్యాసం ఫోటోల కారిన ముక్కు తుడిచినదాన్ని. నన్నే రా అంటవా?”

అది ఇంగ్లీషు మాటని నమ్మించడానికి భానుకు అరగంట పట్టింది.

బెల్లంపల్లి బొగ్గుబాయిలో పనిచేసిన ఆమె బాపు రోజూ నల్లగా ఇల్లు చేరేవాడు. కూతురు మనుషులను తెల్లగా చేసే కొలువులో కుదిరింది. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైన ఆమె భర్త ఓంప్రకాశ్ సాయంత్రం తీసుకుపోవడానికి వచ్చినప్పుడల్లా “ఇయ్యాల ఎందరిని తెల్లగ జేసినవ్?” అని అడుగుతాడు. ఊళ్లో సగం మంది పెళ్లికూతుళ్ల ముఖాలు ఆమెకు తెలుసు, ఆమె మాత్రం వాళ్లకు తెలియదు. ఒకసారి కూరగాయల మార్కెట్‌లో ఒకామెను చూసి సంబరం ఆపుకోలేక, “నీ గదువ కింది మచ్చ నేనే తీసేసిన బిడ్డా” అని, నలుగురిలో తిట్లు తింది. అప్పటి నుంచి తెలిసిన ముఖం ఎదురైతే మనసులోనే పలకరించుకుంటుంది.

పదకొండు గంటలకు మెట్ల మీద ఎవరో ఆల్బం మోసుకొస్తుండటం చూసి భానుప్రసాద్, “చాయ్ తాగొస్త అక్కా” అంటూ వెనక మెట్ల నుంచి జారుకున్నాడు.

వచ్చినవాడు అంబదాస్, సిరిసిల్లలో సాంచె, అంటే మరమగ్గం, నడిపే నేతగాడు. ఆల్బాన్ని బల్ల మీద పడేసి, సంచిలోంచి చీర తీశాడు. వెంట్రుకంత సన్నటి నీలం, తెలుపు గీతల చీర.

“నా బిడ్డ నవ్యశ్రీకి నేనే నేసిన. దారానికి రంగేసుడు, పోగులు ఎక్కించుడు కలిపి పద్దెనిమిది దినాలు. మీ ఆల్బంల సూడు, పెట్రోల్ పడ్డ నీళ్ల లెక్క ఎట్ల మెరుస్తుందో! మా వియ్యపురాలు రంగు దిగే దారం పెట్టిండని హుజూరాబాదంత సూపెడుతుంది. బిడ్డ నిన్న ఫోన్ల ఏడ్చింది. నా సాంచె మీద గిసొంటి గుడ్డ ఎన్నడు దిగలే.”

ఫోటోలో నడుము నుంచి పాదాల దాకా ఆకుపచ్చ, గులాబీ అలలు. బాలలక్ష్మి చీరను వేళ్లతో తడిమి చూసింది.

“తప్పు నీది గాదన్నా. కెమెరా కంట్ల సన్నసన్న గడులుంటయి. నీ గీతలు ఆ గడుల కంటె సన్నం. రెండు పల్చటి గుడ్డలు ఒకదాని మీద ఒకటేసి జరిపితే ఏమైతది?”

“అలలు పుడతయి,” అన్నాడు అంబదాస్ వెంటనే. ఆపైన అతని నోరు తెరుచుకునే ఉండిపోయింది. “ఓరి నీ... గంతేనా?”

“గంతే. లేని రంగులు పుట్టిస్తది.”

“గీ ముచ్చట మా సారక్కకు నువ్వే చెప్పాలె,” అంటూ అప్పటికప్పుడు వియ్యపురాలికి వీడియో కాల్ కలిపాడు. చీర కనబడగానే ఫోన్లోంచి సారక్క గొంతు లేచింది.

“అగో, మల్ల రంగులు! నేను చెప్పలే?”

అంబదాస్ ముఖం పాలిపోయింది. బాలలక్ష్మి మాత్రం ఫోన్ అందుకుని చీరకు దగ్గరగా తీసుకుపోయింది. అలలు మాయమయ్యాయి. దూరం జరిపింది. వచ్చాయి. అలా నాలుగుసార్లు.

“చెల్లే, రంగు దిగిన గుడ్డయితే దగ్గరికొస్తె మంచిగైతదా?”

తెర మీద సారక్క ముఖం దగ్గరికొచ్చింది.

“మా ఆయన లెక్కనే ఉన్నది గిది,” అంది సారక్క. “దగ్గరుంటె సక్కగుంటడు, దూరం పోతెనే రంగులు సూపెడతడు.” పకపకా నవ్వింది. “సరే బావా, ఇంటింటికి సూపెట్టింది నేనే గద, ఇంటింటికి పోయి నేనే చెప్త.”

అంబదాస్ స్టూలు మీద కూలబడి తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. ఫోటోలు బాగయ్యేదాకా కదలనన్నాడు.

గీతలు చెదరకుండా రంగులు మాత్రమే తీయడం ఓపిక పని. పదిహేడు ఫోటోలు. పదకొండో దాంట్లో గీతలు ఎంత దిద్దినా సాపు కావడం లేదు. ఆమె దిద్దుతూనే ఉంది.

“అక్కా, గిది మంచిగనే ఉన్నది గదా. ఏం తుడుస్తున్నవ్?”

“గీ వంకరలు కనబడ్తలేవా?”

“వంకర యాడుంది? నా గీత నాకు ఎరుక కాదా!”

బాలలక్ష్మి కుడికన్ను మూసింది. గీతలు చక్కగా నిలబడ్డాయి. అది తెరిచి ఎడమకన్ను మూసింది. గీతలు మధ్యలో నీళ్లలో కర్రలా వంగిపోయాయి.

మూడు వారాల కింద కంటి డాక్టరు గళ్ల కాగితం ఒకటి చూపించి, గీతలు వంకర కనబడిన రోజున పని ఆపేసి వెంటనే హైదరాబాద్‌లో పెద్ద కంటి ఆసుపత్రికి పోవాలని చెప్పాడు. ఆమె ఎవరికీ చెప్పలేదు. రోజూ గోడ మీది టైల్స్ గీతలు చూసుకుని, బాగానే ఉందనుకుంటూ వస్తోంది.

అంబదాస్ స్టూలు ముందుకు లాక్కున్నాడు.

“నువ్వు చెప్పన్నా,” అంది ఆమె. “నేను తుడుస్త.”

“జర కిందికి. ఆఁ, గాడ. ఇగ ఆపు.”

మిగిలిన ఆరు ఫోటోలూ అతని కళ్లతో, ఆమె చేతితో పూర్తయ్యాయి.

అతను పోయాక భానుప్రసాద్ వచ్చాడు, చెవికి ఫోన్ ఆనించుకుని, ఎవరితోనో డ్రోన్ కిరాయి మాట్లాడుతూ.

“భానూ, రేపటి సంది నేను రాను. కన్ను ఖరాబైంది. ఇగ గీ పని చెయ్యద్దన్నరు.”

“సరే అక్కా, సరే. లైట్లు బంద్ చేసి పో,” అన్నాడు భాను, ఫోన్ తీయకుండానే.

ఆమె లైట్లు ఆర్పింది. కింద స్కూటర్ మీద ఓంప్రకాశ్ ఎప్పటిలాగే అడిగాడు.

“ఇయ్యాల ఎవ్వరిని తెల్లగ చెయ్యలే,” అంది వెనక ఎక్కి కూచుంటూ. “ఒక చీరను ఉన్నది ఉన్నట్టు సూపెట్టిన.”

మర్నాడు పదకొండు దాకా చూసి భానుప్రసాద్ ఆమెకు ఫోన్ చేశాడు. ఫోన్ ఎత్తిన ఓంప్రకాశ్, తాము ఎక్కిన హైదరాబాద్ బస్సు సిద్దిపేట దాటిందని చెప్పాడు. భాను వచ్చి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు. కుర్చీ వీపుకు, ఏసీ చలికి ఆమె వేసుకునే మగవాళ్ల స్వెటరు తొడిగి ఉంది. మోచేతులు అరిగిపోయి, భుజాలు కంప్యూటర్ వైపే వంగి ఉన్నాయి.