ఆయుధపూజలో సీసా

పెనుకొండ దగ్గరి ఆ పల్లెలో ఆయుధపూజ నాడు ఇంట్లో ప్రతి మనిషీ తన పనివస్తువును దేవుని ముందు పెట్టాలి. ఈరన్న గొర్రెల బొచ్చు తీసే కత్తెర పెడతాడు. ఆయన భార్య గంగాదేవి కొడవలి పెడుతుంది. కొడుకు యువరాజ్ హిందూపురం ఫ్యాక్టరీ నుంచి స్పానర్లు తెస్తాడు. కూతురు ఝాన్సీ మాత్రం ఏటా ఉత్త చేతులతోనే వచ్చేది. బెంగళూరు ల్యాబులో సైంటిస్టు, పేపర్లో ఫోటో కూడా పడింది. అయినా అవ్వ బాలనాగమ్మ అడగడం మానలేదు.

"నీ పనికి ఒగ వస్తువు గూడ లేదా పాపా?"

చదువుకున్నవాళ్లకు ఇలాంటి మాటలు పట్టవంటారు. శుభ్రంగా పడతాయి. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి ఫిజిక్సులో డాక్టరేటు దాకా పోయిన మనిషికి, ఆ కత్తెర పక్కన తనకింత చోటు లేకపోవడం ప్రతి ఏడూ బాధగానే ఉండేది.

ఆమె చేసేది కంటికి కనపడని రేణువులు. వాటి తమాషా ఏమిటంటే, పదార్థం ఒకటే అయినా రేణువు సైజును బట్టి వెలుగు రంగు మారుతుంది. మరీ చిన్నవి ఆకుపచ్చగా, కొంచెం పెద్దవి నారింజగా మెరుస్తాయి. ఆ నారింజ నిలకడగా రావడానికి ఝాన్సీ వయసులో మంచి భాగం ఖర్చయింది. అందులో కాడ్మియం ఉంది. అది విషం. ఒంట్లోకి పోతే ఆ రోజుకేమీ తెలియదు. పోయి కిడ్నీల్లో కూర్చుంటుంది, ఏళ్లు గడిచినా కదలదు. అందుకే దాన్ని ల్యాబు గడప దాటించకూడదని నియమం.

ఈ ఏడు దాటించింది. దగ్గుమందు సీసా అంత సీసా, రబ్బరు బిరడా, లోపల పలుచని బెల్లం నీళ్లలాంటి ద్రవం. మామూలు వెలుతురులో అది మెరవదు కాబట్టి, మెరిపించే ఊదారంగు టార్చి కూడా వెంట తెచ్చుకుంది. అన్నిటికంటే ముందు నాయనకు చూపించాలని ఆశ. ఆయన కిడ్నీలు ఇంక పావు వంతే పనిచేస్తున్నాయి. ఆ పావు వంతును కాపాడుకుంటే డయాలసిస్ లేకుండా నెట్టుకురావచ్చని ధర్మవరంలో డాక్టరు చెప్పాడు. కాళ్లు వాస్తున్నాయి, నీళ్లు తగ్గించమన్నాడు. అప్పటి నుంచి గంగాదేవి పొద్దున్నే ఒక బాటిల్లో ఆ రోజు నీళ్లు పోసిచ్చి, బిందెలకు తానే కాపలా కాస్తోంది. ఎండలో గొర్రెల వెంట తిరిగే మనిషికి నీళ్లు అలా చప్పరించాల్సి రావడం నరకం.

"దీంట్లో ఏముండాది?" అని అవ్వ సీసా తిప్పి చూసింది.

"నీళ్లే అవ్వా. నీళ్లలో నేను చేసిన రేణువులు. మూత తీయొద్దు."

పండగపూట దేవుని ముందు విషం అనే మాట నోటికి రాలేదు. ఆ మాట అంటే సీసాను ఆ వరుసలోంచి తీసేస్తారని కూడా ఆమెకు తెలుసు. అవ్వ దానికి కుంకుమ బొట్టు పెట్టింది. ఝాన్సీకి కళ్లు చెమ్మగిల్లాయి.

హారతి అవుతుండగా ల్యాబు నుంచి ఫోన్ వచ్చింది. సిగ్నల్ కోసం వీధి చివరికి పోయి, మాట్లాడి వచ్చేసరికి పూజ ముగిసింది. సీసా ఖాళీగా ఉంది.

"దీంట్లోది యాడబోయింది అవ్వా?"

"చెంబులో పోసినా. దేవుని ముందర పెట్టిన నీళ్లు మల్లా తీస్కపోతారామ్మా? టెంకాయ నీళ్లతో కలిపి అందరికీ తీర్థమిచ్చినా."

ఝాన్సీ తలుపూ కిటికీ మూసి టార్చి వేసింది. అవ్వ అరచెయ్యి నారింజగా వెలిగింది. తీర్థం తాగి తడిచెయ్యి తలకు రాసుకున్నారు కదా, అవ్వ, అమ్మ, యువరాజ్ ముగ్గురి నడినెత్తులూ వెలిగాయి. అమ్మ పెదవులు వెలిగాయి. అవ్వ రెండు చేతులూ జోడించింది.

"మా పాప ఎంత పని నేర్చినాది."

ఇన్నేళ్లూ ఝాన్సీ వినాలనుకున్న మాట అదే. ఇప్పుడది చెవికెక్కలేదు.

"నాయనకు ఎంత ఇచ్చినావు?"

"ఒగ ఉద్ధరిణి. అందరికీ అంతే గదా."

ఒక్క ఉద్ధరిణే. అందులోనూ టెంకాయ నీళ్లు కలిశాయి. ఆమెకు కొంచెం ఊపిరి తిరిగింది. మిగిలిందాన్ని పారబోయాలని చెంబు అందుకుంది. చెంబు తేలిగ్గా లేచింది. అడుగున తులసాకులు మాత్రం మెరుస్తున్నాయి.

నాయన ఇంట్లో లేడు. పెరట్లో గొర్రెల కొట్టం చీకట్లో గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. ఝాన్సీ టార్చి వేసింది. మీసం వెలిగింది. గడ్డం వెలిగింది. అక్కడి నుంచి గొంతు మీదుగా, చొక్కా మీదుగా బొడ్డు దాకా నారింజ ధార.

ఈరన్న ఉలిక్కిపడి, వచ్చింది కూతురని చూసి సిగ్గుగా నవ్వాడు.

"మీ అమ్మకు చెప్పొద్దు తల్లీ. నీళ్లకైతే లెక్క గానీ, తీర్థానికి లెక్క యాడుండాది."

"ఎంత తాగినావు నాయనా?"

"ఉండేదంతా."

యువరాజ్‌ను బండి తీయమని ఆమె కేక పెట్టింది. ఈరన్న అదేమీ పట్టించుకోలేదు. వెలుగుతున్న తన చొక్కాను వేళ్లతో తడిమి చూసుకుంటున్నాడు.

"ఎన్నాళ్లకో కడుపు చల్లబడినాది పాపా. వచ్చే ఏడు ఇంగా పెద్ద సీసా తీస్కరా."