మరియమ్మ కింద రెండు పేర్లు

ప్రొద్దుటూరులో ఫ్రేముల కొట్టు నడిపే ఓబులేసు ఏ బొమ్మనైనా ఫ్రేముకు సరిపడా కత్తిరిస్తాడు. కింది అంచున రాతలుంటే అవే ముందు పోతాయి. ఆ రోజు జమ్మలమడుగు పాస్టరు తెచ్చిన మరియమ్మ బొమ్మ అంచు మీద కత్తి పెట్టగానే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

“అది కొయ్యొద్దప్పా. మురిల్లో అని స్పెయిన్ దేశంలో పాతకాలపు చిత్రకారుడు. ఆయన బొమ్మ చూసి, రెండు వందల ఏండ్ల తర్వాత ఆ దేశపాయనే ఇంకొకాయన దీన్ని గీసినాడు. గురువుగా తల్చుకున్న మురిల్లో పేరు పైన, తన పేరు కింద ఏసుకున్యాడు సూడు.”

ఓబులేసు గోడకేసి చూశాడు. అక్కడ తను గీసిన మరియమ్మ ఉంది. అదే కొట్టులో తనకు బొమ్మలు గీయడం నేర్పిన మస్తాన్ గీసిన బొమ్మను చూసి గీసి, ఒక్క తన పేరే రాసుకున్నాడు. ఆ పేరుతో బేరాలు బాగానే పెరిగాయి. మస్తాన్ మాత్రం కోపంతో కొట్టు వదిలి పులివెందుల వెళ్లిపోయాడు. పదకొండేళ్లుగా మధ్యాహ్నం క్యారియర్ విప్పితే ఎదురుగా కూర్చునే మనిషి లేడు. ఆ బేరంలో నష్టపోయింది ఎవరో ఓబులేసుకు ఇప్పుడు తేలింది.

మస్తాన్ పేరు తన పేరుకు పైన రాసి, రంగు ఆరాక, రానిస్తాడో లేదో అనుకుంటూనే బొమ్మతో పులివెందుల బస్సెక్కాడు.

తలుపు తీసిన మస్తాన్ బొమ్మను ఎగాదిగా చూశాడు.

“నా పేరు చెరిపెయ్‌రా. మరియమ్మకు ఇంత వంకర చెయ్యి నేను గీసినానని జనం అనుకుంటే నా పరువేం గావల్ల?”

పదకొండేళ్లలో తన పనికి వంక పెట్టిన మనిషే లేడు. ఓబులేసు గడప మీదే కూర్చుండిపోయాడు.

“యాడ వంకర పోయింది మామా? సూపియ్యి.”