కెంపమ్మ గొంతు

జయప్రియ ఎంబీఏ ముగించి, చిరుధాన్యాల పిండ్లూ బిస్కెట్లూ అమ్మే ఒక కంపెనీకి తమిళనాడులోని ధర్మపురిలో ఉన్న ఆఫీసులో చేరింది. ఆమె కార్డు మీద ‘కమ్యూనిటీ ఎంగేజ్‌మెంట్ ఎగ్జిక్యూటివ్’ అని ఉంటుంది. ఊళ్లు తిరిగి, జనంతో కలిసిపోయి, వాళ్లకీ కంపెనీకీ నడుమ నమ్మకం పెంచే పని అని ఇంటర్వ్యూలో చెప్పారు. చేరాక చేసింది మాత్రం బస్టాండు ఎదుట పెద్ద గొడుగు కింద నిలబడి, వచ్చేపోయేవాళ్లకు రాగిమాల్టు అందించడం. తాగినవాళ్లు కప్పులు అక్కడే పడేసి పోయేవారు. వాటిని ఏరేదీ ఆమే.

కంబైనల్లూరులో ఇంటికి వెళ్లినప్పుడల్లా తల్లి సౌభాగ్యం అడిగేది. “దీనికా పాపా అంత చదివినావు?”

“మొదట్లో ఎవురికైనా ఇట్లనేమ్మా” అనేది జయప్రియ. ఆ మాట మీద ఆమెకే నమ్మకం సడలిపోతూ వచ్చింది.

ఒకరోజు మేనేజరు విమల్ ఆమెను తన గదిలోకి పిలిచాడు. కంపెనీ ఆంధ్రలోనూ తెలంగాణలోనూ సరుకు అమ్మబోతోంది. రాగి పండించే ఆడవాళ్లు తెలుగులో మాట్లాడే వీడియోలు కావాలట.

“నీకు తెలుగు వచ్చని అప్లికేషన్‌లో రాశావు. నిజంగా వచ్చా?” అని తమిళంలో అడిగాడు.

“మా ఇంట్లో మాట్లాడేదే అది సర్.”

ఆ సంగతి ఆఫీసులో ఎవరికీ తెలియదు. బడిలో, కాలేజీలో, వీధిలో అంతా తమిళమే. ఎన్నో తరాల కిందట వచ్చి స్థిరపడిన కుటుంబం వాళ్లది. తెలుగు ఇంటి గడప దాటి బయటికి వచ్చేది కాదు. అక్షరాలు ఆమెకూ రావు, తండ్రి గోపాలసామికీ రావు. అలాంటి భాష ఉద్యోగంలో అక్కరకొస్తోందంటే జయప్రియకు ఆ రోజంతా ఉత్సాహం ఆగలేదు.

ఏరియూరు దగ్గర మెట్టపొలంలో రాగి పండించే కెంపమ్మ గురించి చెప్పింది గోపాలసామే. వాళ్లకు దూరపు చుట్టం, అరవై దాటిన మనిషి. మొదటిసారి వెళ్తే “నేనేమన్నా సినిమాదాన్నా? పో పో” అని కసిరి పంపేసింది. ఇంకోసారి వెళ్లేసరికి చేలో కోత నడుస్తోంది, మనుషులు చాలలేదు. జయప్రియ చున్నీ నడుముకు చుట్టి కొడవలి అందుకుంది. కాసేపటికే వేలు తెగింది. కెంపమ్మ ఆ వేలికి పసుపు అద్దుతూ, పడీ పడీ నవ్వింది. అప్పుడు దారికొచ్చింది.

“అది కాదు పాపా, మన మాట ఆంధ్రావాళ్లకు తెలుస్తుందా? మనది అరవం కలిసిపోయిన మాట కదా.”

“ఎందుకు తెలియదవ్వా? తెలుగే కదా. నీ మాట నీ గొంతుతోనే వాళ్లు వింటారు. నేనుండాను కదా, చూసుకుంటాను.”

కెమెరా ముందు కెంపమ్మ తడబడకుండా మాట్లాడింది. మొగుడు పోయిన ఏడాదే వానలూ తప్పాయని, ఇంట్లో మిగిలిన రాగులతో సంగటి కెలికి పిల్లల్ని సాకిందని చెప్పింది. “వరి అలిగి పోయింది. రాగి నన్ను ఇడిసి పోలేదు” అని, కొంగుతో మొహం తుడుచుకుని, మళ్లీ తనే నవ్వేసింది. కెమెరా పట్టుకున్న కుర్రవాడికి ఒక్క ముక్క అర్థం కాకపోయినా, అయ్యాక కెమెరా ఆపడం మరిచిపోయాడు.

వీడియో హైదరాబాదు టీముకు వెళ్లింది. ఆ టీమును నడిపే శశికళ ఫోన్ చేసింది.

“విజువల్స్ చాలా బావున్నాయి జయప్రియ గారూ. కానీ ఆవిడ మాట్లాడేది... తెలుగేనా అండీ?”

పరాచికం అనుకుని జయప్రియ నవ్వబోయింది. అవతలివాళ్లు నవ్వలేదు. ఇక్కడి తెలుగు ఇలాగే ఉంటుందని ఇంగ్లీషులో చెప్పింది. “తెలుగులోనే చెప్పండి, పర్లేదు” అంది శశికళ. జయప్రియ మళ్లీ ఇంగ్లీషులోకే దిగింది. తను తెలుగులో నోరు తెరిచినా వచ్చేది కెంపమ్మ మాటే. వీడియో చివర్లో జయప్రియ చెప్పాల్సిన రెండు వాక్యాలను అప్పుడే ఆమె ఫోనుకు తెలుగు అక్షరాల్లో పంపారు. ఇంగ్లీషు అక్షరాల్లో రాసి పంపమని అడిగితే, అవతల ఎవరో కిసుక్కుమన్నారు.

“సరేనండీ, మిగతాది మేం చూసుకుంటాం” అంది శశికళ.

ఏం చూసుకున్నారో వీడియో విడుదలైన రోజు తెలిసింది. తెర మీద కెంపమ్మ పెదవులు కదులుతున్నాయి. గొంతు మాత్రం ఎవరో పడుచుపిల్లది. “రాగి మా ఇంటి ఆరోగ్యలక్ష్మి” అంటోంది తియ్యగా. కెంపమ్మ ఎన్నడూ అనని మాట. అలిగిపోయిన వరి లేదు, మొగుడు పోయిన ఏడాది లేదు.

“చూశావా, ఎంతమంది చూస్తున్నారో!” అన్నాడు విమల్.

“సర్, అది ఆమె గొంతు కాదు. ఆమె మాటలూ కాదు.”

“ఇది నీ మొదటి ఉద్యోగం. ప్రతిదీ మనసుకు తీసుకుంటే మార్కెటింగ్‌లో నిలవలేవు” అన్నాడతను, ఫోన్ మీంచి చూపు తిప్పకుండానే.

మర్నాడు ఏరియూరు వెళ్లింది. పక్కింటి మారియాయి ఫోనులో కెంపమ్మ అప్పటికే చూసేసింది. కేకలు వేస్తుందేమో అనుకుంది జయప్రియ. వేయలేదు. మజ్జిగ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది.

“నేను మాట్లాడింది తప్పా పాపా?”

“తప్పు కాదవ్వా.”

“తప్పు కాదని నువ్వు వాళ్లకు చెప్పినావా?”

“కొంజం చెప్పినాను.”

“కొంజం” అంది కెంపమ్మ. అంతే. జయప్రియ మజ్జిగ సగంలోనే దించి లేచింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కోపం పొంగుకొచ్చింది. హైదరాబాదు వాళ్ల మీద, విమల్ మీద, ఆ ఫోనులో ఇంగ్లీషు చాటున దాక్కున్న తన మీద.

ఆ వారం మీటింగులో బెంగళూరు నుంచి కంపెనీ పెద్దాయన వీడియో కాల్‌లో తెర మీదికి వచ్చాడు. విమల్ ఆ వీడియోను తన విజయంగా చూపించి, ఏరియూరులోనే మరికొందరు ఆడవాళ్లతో ఇలాంటివి తీస్తామన్నాడు. ఎలా తీస్తారో చెప్పమని పెద్దాయన జయప్రియను అడిగాడు.

“తీయలేం సర్, వాళ్లు ఒప్పుకోరు” అందామె. పక్కన విమల్ కుర్చీ కిర్రుమంది. కెంపమ్మ సొంత గొంతుతో ఉన్న వీడియోనే పెట్టాలనీ, కావాలంటే కింద అక్షరాలు వేసుకోవచ్చనీ చెప్పింది.

హైదరాబాదు నుంచి అదే కాల్‌లో ఉన్న శశికళ అందుకుంది. “ఆ యాస మా ప్రేక్షకులకు నప్పదండీ.”

ఈసారి జయప్రియ ఇంగ్లీషు వదిలేసింది. “మేడమ్, ఆమె చెప్పినది మీకు అర్థం కాలేదా?”

“అర్థమైంది, కానీ...”

“అర్థమైనాక ఇంకేం కావల్ల? ఎవురికి చూపించి నప్పదంటా ఉండారు?”

“మా టీములో చూపించామండీ.”

“మీ ఆఫీసులో నలుగురు చూసి వద్దంటే, ఆయమ్మ నోరు మూసేస్తారా?”

పెద్దాయనకు తెలుగు రాదు. ఏదో గొడవ జరుగుతోందని మాత్రం గ్రహించి, “మంచి సూచన, మీరూ మీరూ మాట్లాడుకోండి” అని తర్వాతి విషయానికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత ఆమెతో ఎవరూ ఏమీ మాట్లాడలేదు. సోమవారం నుంచి మళ్లీ బస్టాండు, గొడుగు, మాల్టు కప్పులు.

కొన్నాళ్లకు విమల్ తనే కారు వేసుకుని ఏరియూరు వెళ్లాడు. కెంపమ్మ వాకిట్లోకి కూడా రాలేదు. మిగతా ఆడవాళ్లు పని ఉందంటూ తప్పించుకున్నారు. సాయంత్రం అతను నేరుగా బస్టాండు దగ్గరికొచ్చి, గొడుగు కింద నిలబడ్డాడు.

“ఏం కావాలట ఆవిడకి?”

“తన గొంతు సర్. మీటింగులో చెప్పినాను కదా.”

హైదరాబాదుతో ఏం మంతనాలు జరిగాయో గాని, ఒప్పుకున్నారు. అసలు వీడియో కూడా పెడతారు. అయితే ప్రచారం చేయరు. పాతది తీసేయరు, షూటింగు రోజు కెంపమ్మ ఒప్పందం కాగితం మీద సంతకం పెట్టింది కాబట్టి. అన్నట్టుగానే పెట్టారు. కంపెనీ పేజీలో వెతికి వెతికి పట్టుకుంటే తప్ప కనిపించదు.

అదే వారం జయప్రియకు ప్రొబేషన్ పొడిగించారు. కారణం విమల్ మెయిల్‌లో రాశాడు: కంపెనీ వైపు కంటే జనం వైపు ఎక్కువ మొగ్గు చూపుతోంది. తన కార్డు మీది ఉద్యోగం పేరు గుర్తొచ్చి జయప్రియకు నవ్వు రావాల్సింది. రాలేదు. లాప్‌టాప్ టపీమని మూసేసింది.

ఆదివారం ఏరియూరు వెళ్లి అసలు వీడియో చూపించింది. కెంపమ్మ ఫోను చెవికి ఆనించుకుని విన్నది, తర్వాత కళ్లెదుట పెట్టుకుని చూసింది. మారియాయిని పిలిచి మళ్లీ పెట్టించింది.

“ఇది నేను” అంది. “మరి ఆ పాతది?”

“తీసేసేది లేదంటా ఉండారవ్వా. నా చేత కాలేదు.”

“నీ చేత కాలేదా, వాళ్లు చేయలేదా?”

“వాళ్లు చేయలేదు.”

“అట్లయితే అట్ల చెప్పు. మిగతావాళ్లను వీడియోలకు అడగాలని వచ్చినావు కదా. పాతది తీసేసినాక రా. సంగటి తిని పో.”

తిరుగు బస్సులో జయప్రియ విమల్‌కు మెసేజి పెట్టింది: పాత వీడియో తీసేసేదాకా నేను ఏరియూరులో ఇంకెవరినీ అడగను సర్. పెన్నాగరం దాటాక జవాబొచ్చింది. “రేపు చూద్దాం.”

అతని ‘రేపు’ ఎంత దూరం సాగుతుందో ఆమెకు తెలుసు. పళ్లు బిగబట్టి మళ్లీ టైపు చేసింది. “పొద్దున్నే మీ గదికి వస్తాను. శశికళ మేడమ్‌ను కూడా ఫోనులో పిలవండి.”