తలమీది జ్యోతి

హిందూపురం నుంచి ధర్మవరం వచ్చిన ఓబులేసును అన్న చౌడప్ప గుర్తుపట్టలేదు. "ఇంట్లోవాళ్ళ పేర్లే మర్చిపోయినాడు చిన్నమామా" అంది కోడలు యమున. దాంతో పాత పగ కూడా పోయిందనుకున్నాడు ఓబులేసు. కానీ అన్న తనను పరాయివాణ్ణి చూసినట్టు చూడటం ఓర్చుకోలేకపోయాడు. ఒక్కసారైనా పేరు పెట్టి పిలిపించుకోవాలని, మగ్గం దగ్గరున్న అన్న పక్కన కూర్చొని, జాతరలో చౌడమ్మ తల్లి జ్యోతిని తలమీద పెట్టుకొని ఊరేగేటప్పుడు పాడే పాట ఎత్తుకున్నాడు.

చౌడప్ప చేతులు రెండూ పైకి లేచి, తలమీద జ్యోతి ఉన్నట్టే పట్టుకున్నాయి. తనూ ఒక చరణం పాడాడు. తర్వాత ఖాళీ చేతులు చూసుకొని, తమ్ముడి మొహం చూశాడు.

"ఓబులేసూ! దొంగ నాయాలా! నేను జొరంతో పడుంటే, నేనెత్తల్సిన జ్యోతి నువ్వెత్తుకుంటివి. ఊరంతా నీ కాళ్ళకు నీళ్ళు పోసిరి. ఏ మొగం పెట్టుకోని వచ్చినావురా? పో ఈడనుంచి!" అంటూ కాఫీ గ్లాసు విసిరాడు.

"పేరు పెట్టి పిలిచినాడు! ఇంకోసారి పాడు చిన్నమామా" అని బతిమాలింది యమున.

ఓబులేసు చెప్పులేసుకున్నాడు. "ఇంకా తిట్టిచ్చుకునేకా? ఆ పొద్దు నేనెత్తకుంటే జ్యోతి గుడి దాటేదే కాదు. అది గుర్తుచేసే పాట యాడన్నా ఉంటే చెప్పుమ్మా, వచ్చి పాడతా."