వెనకే పెరిగే గీత

బియ్యం కడిగిన నీళ్లు వంపుతుండగా రాజమణికి తప్పెక్కడుందో తోచింది. గిన్నె గట్టుమీదే వదిలేసి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ ముందుగదిలోకి వెళ్లింది.

ఆ గది ఆమె భర్త దేవిదాస్ పసుపు అడ్తి దుకాణం; రైతుల పసుపు కమీషన్‌కు అమ్మిపెడతాడు. అక్కడి కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాం ఆమె రాసిందే. పెళ్లికి ముందు బీఎస్సీ చదివింది, పెళ్లయ్యాక నిజామాబాద్‌కు బస్సులో తిరిగి కంప్యూటర్ కోర్సు చేసింది. రైతు తెచ్చిన ఒక్కో కుప్ప తూకం, ధర కొట్టగానే తెరమీద పక్క కిటికీలో ధరల గీత పెరుగుతుంది. చిక్కల్లా, పెరిగినప్పుడల్లా ఆ కిటికీ ఎగిరి ముందుకొచ్చి కూర్చుంటోంది. దేవిదాస్ తెర చూడకుండా కొట్టే మనిషి. తర్వాతి కుప్ప తూకం అందులో పడి మాయమవుతోంది. నిన్న ఆలూర్ రైతు లింగన్నకిచ్చిన అమ్మకం చీటీ, తక్‌పట్టీలో ఒక కుప్పే లేదు.

"నా పసుపు పిల్లిగిన తిన్నదా, సేటూ?" అన్నాడట లింగన్న.

"నీ సదువు నా ఇజ్జత్ తీస్తుంది" అన్నాడు దేవిదాస్ రాత్రి, పప్పు కలుపుకుంటూ.

తప్పు తనదే. గీత పెరిగిన ప్రతిసారీ కిటికీకి 'కనబడు' అని తానే ఆజ్ఞ రాసింది. గీయడానికి కనబడమనక్కర్లేదు. పొద్దున ఒక్కసారి తెరిచి, తర్వాత ఉన్నచోటే ఉంచి గీతను మాత్రం మారిస్తే చాలు. కొట్టేవాడి కర్సర్ తూకం గడి వదిలి పోదు.

చిన్న మార్పే, కానీ పూటంతా పట్టింది. "రాజమణీ, నా బీపీ గోలీలు ఏడ వెట్టినవే?" అని అత్త లసుమవ్వ పిలిచింది. తిరిగొచ్చి కూర్చుంటే మెట్ల దగ్గర ఎవరో దగ్గారు. దగ్గు వినబడితే కుర్చీ ఖాళీ చేసి పరదా వెనక్కి పోవాలి. "కోడలు దుకాణంల కూసుంటే అంగడోళ్లు ఏమంటరు?" అని అత్త అన్న నాటినుంచి అదే పద్ధతి. ఎవరు పిలిచినా లేవడం, వచ్చి కూర్చునేసరికి తలలో ఉన్నది సగం ఎక్కడో జారిపోవడం, మళ్లీ మొదటినుంచి తవ్వుకోవడం. లింగన్న తన కుప్ప ఏదని అడిగాడు. ఆమె పోగొట్టుకున్నవి అడిగేవాళ్లు లేరు. ఆమెకు కూడా అడగాలనిపించనంత అలసటగా ఉంది.

సాయంత్రం దేవిదాస్ తూకాలు కొట్టి చూశాడు. వెనకాల గీత పెరిగింది, తూకం తూకంలోనే పడింది.

"గిదీ! గిట్లుండాలె. పని నడుస్తనే ఉంటది, మీదికి రాదు."

ఆమెకు సంతోషమే వేసింది. ఆ మాట తనకు ఎక్కడ తగిలిందో చాయ్ పెడుతున్నప్పుడు గానీ తెలియలేదు: పరదా వెనక తనూ అంతే.

చాయ్ తెచ్చేసరికి పక్క సందు అడ్తిదారు కాశీరాం తెరముందు వంగి ఉన్నాడు.

"మస్తుగుంది దేవిదాసూ! ఎవలు చేసిండ్రు?"

"నిజామాబాద్‌ల ఒక పోరడున్నడు."

"కొమ్ము పసుపుకు, గోళ పసుపుకు వేరే వేరే గీతలు వస్తయా?"

దేవిదాస్ మీసం దువ్వుకున్నాడు. "అడుగుత."

"అడుగుడు కాదు, రేపు మా దుకాణంకు తోల్కరా."

రాజమణి కప్పులు బల్లమీద పెట్టింది. పరదా వైపు ఒక అడుగు వేసి, ఆగింది.

"రెండు గీతలు వస్తయి. గా పోరడు రాడు, అన్నా. గిది రాసింది నేను. రేపు పొద్దుగాల నేనే వస్త."

"నువ్వు లోపలికి పో" అన్నాడు దేవిదాస్, గొంతు తగ్గించి. ఆమె పోలేదు. కాశీరాం అనుమతి కోసమన్నట్టు దేవిదాస్ ముఖంలోకి చూశాడు.

"ఆయన దిక్కెందుకు చూస్తున్నరన్నా?" అంది రాజమణి. "వచ్చేదాన్ని నేను."