మొదటి బంతి

నా మరదలు చెడ్డది కాదు. చెడ్డదైతే నాకు హాయిగా ఉండేది. నలుగురి దగ్గరా నాలుగు మాటలని, కడుపు చల్లబడి ఇంటికి పోయేదాన్ని. అనడానికి ఒక్క మాటైనా దొరకనివ్వదు, అదే నా ప్రాణానికి వచ్చి పడింది.

మాది పూల్ హాలు, కర్రతో బంతుల్ని టేబుల్ మూలల్లోని జేబుల్లోకి కొట్టే ఆట. నాన్న ముప్పయ్యో ఏట పెట్టాడు, ఇప్పుడాయనకి డెబ్బై ఆరు. నాలుగు టేబుళ్ళు, గోడకి క్యూ కర్రల అరలు, పాయింట్లు జరుపుకోవడానికి తీగకి గుచ్చిన చెక్కపూసలు, ఒక్కో టేబుల్ మీదా కిందికి వేలాడే లైటు. అంతే. ఊళ్ళో కొత్తగా తెరిచిన చోట్ల రంగురంగుల దీపాలూ, చెవులు చిల్లులు పడే పాటలూ ఉంటాయట. ఉండనీ. మా దగ్గర పొద్దున పదయ్యేసరికి టైలర్ బాబాయి, రిటైరైన పోస్ట్‌మాన్, పళ్ళ డాక్టరు మెట్ల మీద నిలబడి ఉంటారు, తలుపు ఎప్పుడు తీస్తారా అని.

ఆ తలుపు తీసే ముందు మాకొక పద్ధతుంది. మా హాలు నేల చెక్కది. వాన పడితే ఉబ్బుతుంది, ఎండ కాస్తే ముడుచుకుంటుంది. నేల కదిలితే టేబుల్ మాత్రం కదలకుండా ఉంటుందా? అందుకని రోజూ పొద్దున ప్రతి టేబుల్ మీదా తెల్ల బంతిని ఈ కొస నుంచి ఆ కొసకి వదలాలి. తిన్నగా పోయి, అవతలి గట్టుకి తగిలి, తిన్నగా వెనక్కి వస్తే సరే. పక్కకి వాలిందంటే, వాలిన వైపు కాలు ఇనుప మీటతో లేపి, కింద అట్టముక్క పెట్టి, మళ్ళీ వదలాలి. దీన్ని మొదటి బంతి అంటాం. అది వెళ్ళి వచ్చేదాకా ఎవరూ కర్ర ముట్టుకోకూడదు. వెళ్ళి వచ్చాక ఇంక ఎవరూ టేబుల్‌ని శంకించకూడదు.

ఇరవై ఏళ్ళు ఆ బంతి నేనే వదిలాను. పెళ్ళై రెండు వీధులవతలికి వెళ్ళినా మానలేదు. కడుపుతో ఉన్నప్పుడు కూడా మీట పట్టుకున్నాను. మా తమ్ముడికి ఆట పిచ్చే కానీ పని పిచ్చి ఎప్పుడూ లేదు. ఈ హాలుకి కొడుకైనా కూతురైనా నేనే అనుకుని బతికాను.

ఈ ఎండాకాలం చివర్లో నాన్నకి చూపు పోయింది. కంటి నరం ఎండిపోయింది, ఇక చేసేదేమీ లేదన్నారు. అప్పటికి మా తమ్ముడి పెళ్ళై ఏడాది. మరదలు కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు అరగదీసే పని చేసేది. సన్నటి వేళ్ళు, గొంతు పెగలని మాట. నాన్న చెయ్యి పట్టుకుని మెట్లు ఎక్కించేది, దించేది. నాకప్పుడేమీ అనిపించలేదు.

మొన్న వానల్లో నాకు మూడు రోజులు జ్వరం వచ్చింది. నాలుగో రోజు వెళ్ళేసరికి మరదలు నా టేబుల్ మీదికి వంగి ఉంది. నాన్న కుర్చీలో తల ఒక పక్కకి వాల్చి వింటున్నాడు. బంతి వెళ్ళింది, వచ్చింది. “అదీ” అన్నాడు నాన్న.

ఇరవై ఏళ్ళలో నాకు ఒక్క ‘అదీ’ రాలేదు.

ఆ తర్వాత నా అలికిడి విని, జ్వరం తగ్గిందా అని అడిగి, రేపట్నుంచి చిన్నమ్మాయి వదులుతుందిలే, నువ్వు విశ్రాంతి తీసుకో అన్నాడు. కోడల్ని ఆయన చిన్నమ్మాయి అనే పిలుస్తాడు. నా వెనకే లోపలికి వచ్చిన టైలర్ బాబాయి అక్కడే ఉన్నాడు. పోస్ట్‌మాన్ ఉన్నాడు. వాళ్ళందరి ముందూ నన్ను కరివేపాకులా తీసి పక్కన పెట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది. నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల!

ఆ రోజు నుంచి నా ఒళ్ళు నా ఒళ్ళు కాదు. ఆమె గుడ్డతో టేబుల్ తుడుస్తుంటే కళ్ళలో నిప్పులు పోసుకున్నాను. ఎక్కడైనా మచ్చ వదిలిందేమోనని వెనకాలే వెళ్ళి చూసేదాన్ని. వదలదు. ఇంటికి పోయి గిన్నెలన్నీ ధనధనా పడేసేదాన్ని. మా ఆయన బస్సు డ్రైవరు, పొద్దంతా హారన్లు వినీ వినీ విసుగెత్తిన మనిషి. ఆ టేబుల్ నీకు సవతి కాదు, సవతిని తెచ్చిన మొగుడూ కాదు, ఎందుకే ఇంత ఏడుపు అన్నాడు. ఆ పూట ఆయనకి అన్నం నేను వడ్డించలేదు.

ఏడాదికోసారి అవతలి పేటలోని పాత హాలు వాళ్ళు మా దగ్గరికి వచ్చి పోటీ ఆడతారు. అలాంటి హాళ్ళు ఊళ్ళో ఇక రెండే మిగిలాయి, వాళ్ళదీ మాదీ. ఆ రోజు టేబుల్ బాగుంటే ఏడాదంతా చెప్పుకుంటారు. బాగోలేకపోతే పదేళ్ళు చెప్పుకుంటారు. ఈసారి ఆదివారం పెట్టారు. పొద్దున్నే మరదలు వచ్చి మొదటి బంతి వదిలింది. నాన్న మళ్ళీ “అదీ” అన్నాడు. ఆమె బట్టలు మార్చుకుని వస్తానని ఇంటికెళ్ళింది. తమ్ముడు నాన్నని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు.

హాల్లో నేనొక్కదాన్నే ఉన్నాను. నా ఉద్దేశం ఏమిటో నాకు స్పష్టంగా తెలుసు, తెలియదని బుకాయించను. ఆమె పరువు పోవాలి, పని నా చేతికి తిరిగి రావాలి. పోటీ ఆడే పెద్ద టేబుల్ కాలు మీటతో లేపి, మోకాలితో మీట అదిమిపట్టి, ఒక అట్టముక్క మడిచి లోపలికి తోసేశాను. ఎంతసేపు పడుతుంది, చేయి తిరిగిన పని.

పోటీ రెండో ఆటలోనే బయటపడింది. టైలర్ బాబాయి చివరి బంతిని జేబు వైపు సుతారంగా నెట్టాడు. అది సగం దూరం బుద్ధిగా వెళ్ళి, అక్కణ్ణుంచి పక్కకి జారుకుని గట్టుని ఆనుకుని ఆగింది. అవతలి హాలు పెద్దాయన కర్ర గోడకి ఆనించి, మీ టేబుల్ మీద ఇలాంటిది ఎన్నడూ చూడలేదే అన్నాడు. అందరి కళ్ళూ మరదలి మీదికి తిరిగాయి. పొద్దున సరిగ్గానే వచ్చింది, నాలుగు సార్లు చూశాను అని గొణిగింది. తమ్ముడు అందరి ముందే ఆమె మీద విరుచుకుపడ్డాడు. నేను ఇలా జరగాలనే కోరుకున్నాను. జరుగుతుంటే మాత్రం ఆమె వైపు చూడలేకపోయాను.

నాన్న లేచాడు. అందరినీ బయట వరండాలోకి వెళ్ళి టీ తాగమన్నాడు. మీట పట్టుకోవడానికి నన్నుండమన్నాడు. తడుముకుంటూ వచ్చి నేల మీద కూర్చుని, ఒక్కో కాలి కిందా వేళ్ళు పోనిచ్చి చూశాడు. మూడో కాలి దగ్గర ఆగి, లేపమ్మా అన్నాడు. లేపాను. అట్టముక్క బయటికి లాగి, బొటనవేలితో ఆ అంచు నుంచి ఈ అంచుకి రాశాడు.

“ఇది నీ మడత” అన్నాడు.

నేను మీట దించాను.

“చిన్నమ్మాయి ఒక్క పొర పెడుతుంది. చాలకపోతే ఇంకో పొర. నువ్వు ముందే రెండుగా మడిచి గోరుతో గీస్తావు. ఎక్కడున్నా పోల్చుకుంటాను. ఇరవై ఏళ్ళు తీసినవాణ్ణి కదా.”

“తీశావా?”

“నువ్వు టీ పెట్టడానికి లోపలికి వెళ్ళేదానివి. అది మరిగేలోగా తీసి సరిచేసేవాణ్ణి. నీది తొందర చెయ్యమ్మా. బంతిని గట్టిగా వదిలేస్తావు. గట్టిగా పోయే బంతికి వంపు కనపడదు. చెబితే చిన్నబుచ్చుకుంటావని చెప్పలేదు. ఇప్పుడు నాకు కళ్ళు లేవు. ఉంటే ఆ పని నీ చేతిలోంచి తీసుకునేవాణ్ణే కాదు.”

ఇవాళ ఎందుకు పెట్టావని మాత్రం అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. అట్టముక్క జేబులో పెట్టుకుని మరదల్ని పిలిచాడు. ఆమె వచ్చి బంతి వదిలింది. నేను అంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. చేత్తో నెట్టినట్టే లేదు. బంతి ఆగిపోతుందేమో అనుకున్నాను. అది ఆగకుండా, వెంట్రుకవాసి పక్కకి పోకుండా, వెళ్ళి ఆమె అరచేతిలోకి వచ్చింది.

అందరూ లోపలికి వచ్చారు. ఏమైందని అవతలి హాలు పెద్దాయన అడిగాడు. నాన్న నవ్వి, తప్పంతా నాదే, కనపడకపోయినా ఊరుకోలేక పొద్దున నేనే వేలు పెట్టి పాడుచేశాను అన్నాడు. టైలర్ బాబాయి జాలిగా తల ఊపాడు. ముసలాయన పని అయిపోయింది అన్నట్టు వాళ్ళలో వాళ్ళు చూసుకున్నారు. నలభై ఆరేళ్ళ పేరు, నా కోసం ఒక్క మాటతో నేల పాలు చేసేసుకున్నాడు.

“నాన్న కాదు. నేను పెట్టాను” అన్నాను. “మా మరదలికి చెడ్డపేరు రావాలని పెట్టాను.”

తమ్ముడు నా మీదికి రాబోతే మరదలు చెయ్యి పట్టుకుని ఆపింది. అంతే కానీ నా దగ్గరికి వచ్చి పరవాలేదు వదినా అనలేదు. అనకపోవడమే మేలయింది. ఆట మళ్ళీ మొదటి నుంచి మొదలైంది. టైలర్ బాబాయి ఓడిపోయాడు, ఈసారి తన తప్పుతోనే.

నేను గోడవారన నిలబడి చివరిదాకా చూశాను. అసూయ పోయిందని అబద్ధం చెప్పను. పోలేదు, ఇంకా పెరిగింది. నాన్న నా కోసం ఇరవై ఏళ్ళు రోజూ అబద్ధమాడాడు. ఆ పిల్ల కోసం ఒక్కటి కూడా ఆడాల్సిన పని లేదు.