ఎర్ర గీత

నా నోరు మంచిది కాదు. మా వీధిలో ఎవరినడిగినా చెబుతారు. మా ఆయన కూడా అనేవారు, "నీ నోటికి బ్రేకు చేసి పెట్టడం నా వల్ల కాలేదే" అని. తక్కిన అన్నిటికీ చేశారాయన. లేత్ మిషను మీద బతికిన మనిషి.

ఆయన బండి ఇంగ్లండులో తయారైన పాత మోటారు సైకిలు. పెళ్ళికి ముందే తుక్కు కొట్లో ముక్కలుగా దొరికితే గోనెసంచుల్లో మోసుకొచ్చారట. నేను కాపురానికి వచ్చేసరికి ముందుగదిలో మహారాణిలా కూర్చుని ఉంది. దొరకని భాగాలు ఆయనే కోసి, అరగదీసి చేసుకున్నారు. దాని నట్లకు మామూలు స్పానర్లు పట్టవు. అంగుళాల లెక్కవి వేరే ఉంటాయి, వాటిని నా నగలకంటే భద్రంగా దాచేవారు. ఇంజను కింద ఎప్పుడూ ఒక పళ్ళెం ఉండేది, ఆయిల్ కారుతుందని. "దానికి జలుబు" అనేవారు. "నాకు జలుబు చేస్తే ఇంత సేవ ఎప్పుడైనా చేశారా?" అనేదాన్ని. సవతి పోరు లేదని మా అమ్మ సంతోషపడింది గానీ, నాకు ఇనప సవతి ఉంది.

ఇప్పటి బళ్ళకు గేరు ఎడమ కాలికి, బ్రేకు కుడి కాలికి. ఈ మహాతల్లికి అంతా తిరకాసే. గేరు కుడికి, బ్రేకు ఎడమకి. ఆయన జన్మలో ఇంకో బండి ఎక్కలేదు. బస్సులో కూర్చున్నా, ఎదురుగా ఏదైనా అడ్డం వస్తే ఎడమ పాదం నేలకేసి గట్టిగా నొక్కేవారు. పక్కన నా కాలుంటే నా కాలే నొక్కేవారు.

ఆయనకో అలవాటుండేది. ఏ నట్టు బిగించినా, దాని మీద నుంచి పక్కనున్న ఇనుము మీదికి ఒక ఎర్ర గీత గీసేవారు. మా అమ్మాయి గోళ్ళ రంగు సీసా అందుకే సగం ఖాళీ. నట్టు వెంట్రుకవాసి కదిలినా గీత రెండు ముక్కలవుతుంది. "గీత ఒక్కటిగా ఉంటే నిశ్చింతగా ఎక్కు. చెదిరితే ఎక్కకు" అని అమ్మాయికి నేర్పారు. మా అమ్మాయి పార్సిళ్ళు అందించే పని చేస్తుంది, రోజంతా బండి మీదే. తండ్రి దాన్ని "ఏమోయ్ అసిస్టెంటూ" అని పిలిచేవారు.

తరవాత మతిమరుపు వచ్చింది. మొదట్లో నవ్వుకున్నాం. ఒక రోజు, ఎప్పుడో రిటైరైన ఫ్యాక్టరీకి బండేసుకుని వెళ్ళి, లోపలికి పంపలేదని వాచ్‌మన్‌తో గొడవపడి వచ్చారు. అప్పుడు నవ్వు పోయింది. డాక్టరు బండి మాన్పించమన్నాడు. చెప్పడం ఎంతసేపు! ఆ బండికి తాళం చెవే లేదు, నిప్పురవ్వ దానంతటదే పుట్టించుకుంటుంది. గొలుసేసి కట్టాను. రంపంతో కోసేసి, ఆ గొలుసు పట్టుకుని వంటింట్లోకి వచ్చారు. "ఎవడో వెధవ మన బండికి గొలుసేసి పోయాడే!" అన్నారు. ఏడవలేక నవ్వాను.

బుర్ర బాగున్న ఒక పూట ఆయనే మా ఇద్దరినీ కూర్చోబెట్టారు.

"నన్ను ఆపడం మీ వల్ల కాదు. నా వల్లా కాదు. అందుకని బండినే మార్చేద్దాం. గేరు ఎడమకి, బ్రేకు కుడికి తెస్తాను. అప్పుడది అమ్మాయి బండవుతుంది, నా కాళ్ళకి పరాయిదవుతుంది. ఎక్కగానే తేడా తెలుస్తుంది, దిగిపోతాను."

ఎంత తెలివైన మాట అనుకున్నాం. ముగ్గురం అనుకున్నాం.

ఇద్దరూ కలిసి పనిలో పడ్డారు. గేరుపెట్టె వెనక నుంచి అడ్డంగా కడ్డీ దూర్చి గేరును ఎడమకి తెచ్చారు. బ్రేకు కడ్డీ కొత్తది కోసి కుడి పక్కన బిగించారు. పేరు మరిచిపోయే మనిషి చేతులు కొలత మరిచిపోలేదు. ఆఖరున బ్రేకు నట్టు మీద ఎర్ర గీత గీసి, బ్రష్షు కూతురి చేతికిచ్చి, "ఇక నీది" అన్నారు.

అమ్మాయికి ఒక్కటే చేతకాలేదు. ఆ కిక్కు కొట్టడం దాని వల్ల కాదు. మోకాళ్ళు అరిగాక ఆయన వల్లా కాలేదు లెండి. మా ఇంటి ముందు రోడ్డు వాలు. బండిని గేరులో వేసి నిలబెట్టడం, బయలుదేరేటప్పుడు క్లచ్ పట్టుకుని కిందికి దొర్లించడం, కాస్త ఊపు రాగానే క్లచ్ వదలడం. ఇంజను అందుకుంటుంది. అందులో కాలితో పనే లేదు. ఆయన చేసినట్టే అదీ చేసేది.

ఆ మధ్యాహ్నం అది తిండికొచ్చి, బండి గేట్లో పెట్టి, చేతులు కడుక్కుంటోంది. నేను వడ్డిస్తున్నాను. బయట ఇంజను చప్పుడు వినబడింది.

గరిటె పట్టుకునే పరిగెత్తాను. ఆయన వాలు సగం దాటిపోయారు. కూర్చునే తీరు చూస్తే పాతికేళ్ళ కుర్రాడే. వాలు చివర నీళ్ళ ట్యాంకరు వెనక్కి వస్తోంది. ఆయన చూశారు. ఎడమ కాలు నొక్కారు. మళ్ళీ నొక్కారు. ఆ కాలు తొక్కుతూనే ఉంది, బండి పోతూనే ఉంది. "కుడి కాలండీ! కుడి కాలు!" అని అరిచాను. నా నోరు ఊరంతా వినబడుతుందంటారు. ఆయనకి వినబడలేదు.

ఆసుపత్రిలో తెలివి వచ్చింది. నొప్పి గురించి ఒక్క మాట అనలేదు.

"బ్రేకు పట్టలేదే. నేను సరిగ్గా బిగించలేదు. పిల్ల ఎక్కే బండిని వదులుగా వదిలేశాను. నా బదులు అదెక్కుంటే పోయేది" అని ఒకటే కుమిలిపోవడం. మార్చిన సంగతి చెబితే, "ఏం మార్చాను? ఎప్పుడు?" అన్నారు. మళ్ళీ మొదటికే వచ్చి, "గీత చూడండి. గీత చెదిరిందేమో చూసి రండి" అని నా చెయ్యి పట్టుకుని ఏడ్చారు. ఆ మనిషి ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

అమ్మాయీ నేనూ ఇంటికెళ్ళి, వీధివాళ్ళు ముందుగదిలోకి చేర్చిన బండిని చూశాం. ముందు చక్రం నుజ్జయింది గానీ వెనక అంతా చెక్కుచెదరలేదు. బ్రేకు నట్టు మీద గీత ఒక్కటిగా, నిటారుగా ఉంది.

తిరిగొచ్చేసరికి ఆయన అక్క, మా వదిన, మంచం పక్కన కూర్చుని ఉంది. అమ్మాయి తిన్నగా తండ్రి దగ్గరికి వెళ్ళింది.

"గీత చెదిరింది నాన్నా. నువ్వు బాగానే బిగించావు. పొద్దున చక్రం సర్దుదామని నేనే విప్పాను. మళ్ళీ బిగించలేదు. మర్చిపోయాను."

ఆయన తల దానివైపు తిప్పారు.

"మర్చిపోవడం నా పని కదే" అన్నారు. వెంటనే ఎక్కడలేని కోపం వచ్చింది. "పని సగంలో వదిలి లేవకూడదని ఎన్నిసార్లు చెప్పాను? నీకు సిగ్గుందా? గీత గియ్యకుండా ఎట్లా లేచావు?" అని నోటికొచ్చినట్టు తిట్టారు. తిట్టి తిట్టి, అక్క వైపు తిరిగి, "విన్నావా అక్కా, నా పనిలో తప్పు లేదు" అన్నారు. మొహం తేటపడింది. తెల్లారేసరికి పోయారు.

వచ్చిన చుట్టాలందరికీ మా వదిన అదే చెప్పింది. కూతురి నిర్లక్ష్యం తండ్రిని మింగిందని. అమ్మాయి మొహం మీదే చెప్పింది. నేను లేవబోయినప్పుడల్లా అది నా చెయ్యి నొక్కింది. "వద్దమ్మా. చివర్లో ఆయనకి మతి లేదని ఊరంతా చెప్పుకోవాలా? ఉండనీ" అంది. నేను, ఈ నోరున్న దాన్ని, పళ్ళు బిగబట్టుకుని కూర్చున్నాను.

వెళ్ళేముందు వదిన గుమ్మంలో ఆగి, "తండ్రిని చంపుకున్నదానికి ఆయన సామాన్లు ముట్టుకునే హక్కు కూడా లేదు" అంది.

అంతే. ఇక నా వల్ల కాలేదు.

"రా వదినా! రా, కళ్ళతో చూద్దువుగాని! నా కూతురు ఏ నట్టూ విప్పలేదు. మీ తమ్ముడికి ఏ కాలికి బ్రేకో గుర్తులేదు. గీత చెబుతుంది, రా!" అని చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి ఈడ్చుకుపోయాను. బండి మీద గుడ్డ లాగేశాను. వంగి చూపించాను.

గీత రెండు ముక్కలై ఉంది. సగం నట్టు మీద, సగం కడ్డీ మీద. రెంటి మధ్య బెత్తెడు కాదు గానీ, గుడ్డివాళ్ళకి కూడా కనబడేంత ఎడం.

వదిన వంగి చూసింది. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

వెనక్కి తిరిగాను. అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. అంగుళాల స్పానర్ల పెట్టె గూట్లో కాకుండా కింద నేల మీద ఉంది.

"ఎందుకే?" అన్నాను.

"చెప్పానుగా అమ్మా," అంది, "బిగించడం మర్చిపోయానని."